ప్యాక్డ్ టవరా, ట్రే టవరా? ముందు అడ్డు ఎటువైపుందో తేల్చుకోండి

కొత్త స్క్రబ్బర్ (వాయువును ద్రవంతో కడిగే టవర్) గానీ, సాల్వెంట్ రికవరీ కాలమ్ (వాడిన సాల్వెంట్‌ను మరిగించి వేరుచేసే టవర్) గానీ పెట్టాలంటే చాలా యూనిట్లలో మొదట అడిగేది డయా ఎంత, ఎత్తు ఎంత, రేటెంత అనే. ఆ మూడూ చివర్లో తేలే విషయాలు. ముందు తేలాల్సింది మాస్ ట్రాన్స్‌ఫర్ (వాయువు, ద్రవాల మధ్య పదార్థం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లడం) ఎక్కడ ఆగుతోందన్నది. వాయువు వైపా, ద్రవం వైపా? అది తెలియకుండా కొన్న టవర్ ఎంత పొడవున్నా పని చెయ్యకపోవచ్చు.

వాయువులో ఉన్న పదార్థం ద్రవంలోకి దిగాలంటే సరిహద్దుకు అటొక పొర, ఇటొక పొర దాటాలి. 1923లో విట్‌మన్ చెప్పిన రెండు పొరల నమూనా ఇదే. ఆ తర్వాత 1935లో హిగ్బీ, 1951లో డాంక్‌వర్ట్స్ ఇంకా నిజానికి దగ్గరైన నమూనాలు ఇచ్చారు గానీ, పరికరం ఎంచుకోవడానికి విట్‌మన్ చాలు. దాని సారం ఒక్క వరుసలో పడుతుంది:

మొత్తం అడ్డు = వాయువు వైపు అడ్డు + (సమతాస్థితి వాలు × ద్రవం వైపు అడ్డు)

వాలు అంటే సమతాస్థితిలో వాయువులోని మోల్ భిన్నాన్ని ద్రవంలోని మోల్ భిన్నంతో భాగిస్తే వచ్చే సంఖ్య. 25 డిగ్రీల దగ్గర, 1 అట్మాస్ఫియర్ పీడనంలో, నీటిలో పలుచగా ఉన్న అమ్మోనియాకు అది దాదాపు 1. కార్బన్ డయాక్సైడ్‌కు 1,640 చుట్టుపక్కల. ఆక్సిజన్‌కు 43,000 పైన. దీనికి తోడు, ద్రవంలో అణువుల వ్యాపనం వాయువులో కంటే సుమారు పదివేల రెట్లు నెమ్మది. అందుకే వాలు పెద్దదైతే రెండో పదమే మొత్తాన్ని మింగేస్తుంది.

అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ లాంటివి నీటిని చూడగానే కరిగిపోతాయి. వాటికి అడ్డంతా వాయువు వైపే. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్‌లకు అడ్డు ద్రవం వైపు. ఇది రెండు టోల్‌గేట్లున్న రోడ్డు లాంటిది. జనం ఆగింది రెండో గేటు దగ్గరైతే, మొదటి గేటులో ఎన్ని లైన్లు తెరిచినా లాభం ఉండదు.

ప్యాక్డ్ టవర్ నిండా చిన్న రింగులు (ప్యాకింగ్) పోసి ఉంటాయి. ద్రవం పలుచని పొరగా వాటి మీద జారుతుంటే వాయువు దాని చుట్టూ మెలికలు తిరుగుతూ పోతుంది. వాయువు వైపు పొర పలుచబడుతుంది కాబట్టి వాయువు వైపు అడ్డున్న పనులకు ఇది బాగా సరిపోతుంది. ట్రే టవర్‌లో రంధ్రాలున్న పళ్లేలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. ట్రేలో వాయువు బుడగలై ద్రవంలోంచి పైకొస్తుంది, ద్రవం బాగా కలిసిపోతుంది, కాసేపు నిలుస్తుంది. ఆక్సిజన్‌నో హైడ్రోజన్‌నో ద్రవంలోకి పంపాలంటే ఇంకా ముందుకెళ్లి బబుల్ కాలమ్, లేదా స్టిరర్ ఉన్న వెసెల్ చూసుకోవాలి. అక్కడ ప్యాక్డ్ టవర్‌కు కొటేషన్ అడగడమే దండగ.

స్ప్రే టవర్ చవకే. అయితే లోపల ద్రవం బిందువులు కలిసిపోయి గోడ పట్టుకుని జారతాయి, వాయువు గిరగిరా కలిసిపోతుంది. అందువల్ల రెండు మూడు ట్రాన్స్‌ఫర్ యూనిట్లకు (వేరుచేసే పని ఎంత కష్టమో చెప్పే కొలత) మించి ఆశించకూడదు. వెంచురి (సన్నని గొంతులోంచి వాయువును వేగంగా పంపే స్క్రబ్బర్) దుమ్ముకు మంచిదే గానీ, కేవలం వాయువు కోసమైతే దాని పీడన నష్టానికి కరెంటు బిల్లు కట్టడం వృథా.

నీటి స్క్రబ్బర్ పని చెయ్యని చోటు

డీసీఎం (డైక్లోరోమీథేన్), టొలుయీన్ లాంటి సాల్వెంట్ల ఆవిరి బయటికొచ్చే వెంట్‌ను నీటి స్క్రబ్బర్‌కు కలిపి "కంట్రోల్ ఉంది" అని రాసుకోవడం బల్క్ డ్రగ్ యూనిట్లలో కనపడే అలవాటు. వాయువులోంచి ఒక పదార్థాన్ని దాదాపు పూర్తిగా పట్టాలంటే ద్రవం మోల్స్‌ను వాయువు మోల్స్‌తో భాగించిన నిష్పత్తి వాలు కంటే ఎక్కువ ఉండాలి. మామూలుగా 1.25 నుంచి 1.5 రెట్లు పెడతారు. డీసీఎంకు ఆ వాలు 150 పైనే, టొలుయీన్‌కు అంతకు రెట్టింపు దాటుతుంది. అంత నీరు ఎవరూ తిప్పరు. తిప్పేది రీసైకిల్ నీరైతే కాసేపటికి అది సమతాస్థితికి వచ్చి, వచ్చిన ఆవిరిని వచ్చినట్టే పైకి వదిలేస్తుంది. ఈ వెంట్‌లకు మైనస్ డిగ్రీల బ్రైన్ (గడ్డకట్టని ఉప్పునీటి) కండెన్సర్, దాని తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ సరైన దారి.

కార్బన్ డయాక్సైడ్ లెక్క ఇంకా కళ్లు తెరిపిస్తుంది. వాతావరణ పీడనంలో 1 కిలోమోల్ వాయువుకు, అంటే దాదాపు 24.5 ఘనపు మీటర్లకు, కనీసం 1,640 కిలోమోల్స్ నీరు కావాలి. అది సుమారు 29.5 టన్నులు. అదే 20 అట్మాస్ఫియర్లకు తీసుకెళ్తే వాలు 82కు పడిపోతుంది, నీరు 1.5 టన్నులకు దిగుతుంది. బయోగ్యాస్‌ను నీటితో కడిగేవాళ్లు ముందు దాన్ని కంప్రెస్ చేసేది అందుకే. పీడనం వద్దనుకుంటే కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్), అమైన్ లాంటి రసాయనం వాడాలి. రసాయన చర్య జరిగితే ద్రవం పొరలోనే పదార్థం ఖర్చయిపోతుంది, ద్రవం వైపు అడ్డు తగ్గిపోతుంది.

ఒక హెచ్‌సీఎల్ స్క్రబ్బర్‌ను లెక్కకట్టి చూస్తే

రియాక్టర్ల వెంట్ హెడర్ నుంచి గంటకు 2,000 ఘనపు మీటర్ల గాలి, అందులో 5,000 పీపీఎం (పది లక్షల్లో 5,000 వంతులు) హెచ్‌సీఎల్ (హైడ్రోజన్ క్లోరైడ్) వస్తోందనుకుందాం. బయటికి 25 పీపీఎం దాటకూడదు. అంటే 200 వంతుల్లో ఒక వంతే మిగలాలి. కాస్టిక్ తిరుగుతున్నంతసేపూ ద్రవం మీద హెచ్‌సీఎల్ ఆవిరి పీడనం సున్నా అనుకోవచ్చు. కాబట్టి ట్రాన్స్‌ఫర్ యూనిట్ల సంఖ్య 200కు సహజ లాగరిథమ్, అంటే 5.3.

ప్యాక్డ్ టవర్: 50 మి.మీ. పాలీప్రొపిలీన్ పాల్ రింగులకు ఒక ట్రాన్స్‌ఫర్ యూనిట్ ఎత్తు 0.6 మీటర్లుగా తీసుకుంటే 3.2 మీటర్ల బెడ్. డిస్ట్రిబ్యూషన్ లోపాలకు కొంత కలిపి 4 మీటర్లు పెట్టాలి. వాయువు వేగం సెకనుకు 1.3 మీటర్ల దగ్గర ఉంచితే డయా 750 మి.మీ. వస్తుంది. రింగు సైజుకు డయా 15 రెట్లుంది కాబట్టి గోడ పక్కన ద్రవం జారిపోయే సమస్య పెద్దగా రాదు. 10 రెట్ల కంటే తగ్గనివ్వకండి. పాతకాలపు రాషిగ్ రింగులైతే 30 రెట్లు కావాలి.

ట్రే టవర్: ఒక్కో ట్రే సామర్థ్యం 60 శాతం అనుకుంటే ట్రే దాటిన ప్రతిసారీ హెచ్‌సీఎల్ 0.4 వంతుకు తగ్గుతుంది. ఆరు ట్రేలు చాలు. ఎత్తులోనూ రెండూ దగ్గరదగ్గరే. తేడా బ్లోయర్ దగ్గర తేలుతుంది. ప్యాకింగ్‌కు మీటరుకు 20 మి.మీ. నీటి మట్టం చొప్పున 80, డెమిస్టర్ (సన్నని బిందువులను పట్టే జాలి), డక్టింగ్ అన్నీ కలిపి 150 మి.మీ. సరిపోతుంది. ట్రేకు 70 మి.మీ. చొప్పున ఆరు ట్రేలకు 420, మిగతావి కలిపితే 490 చేరుతుంది. బ్లోయర్ సామర్థ్యం 50 శాతం అనుకుంటే మొదటిదానికి 1.6 కిలోవాట్లు, రెండోదానికి 5.3 కిలోవాట్లు. ఏడాది పొడవునా తిరిగే బ్లోయర్ ఇది. పైగా తుప్పుకు తట్టుకునేలా ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌తో బలపరిచిన ప్లాస్టిక్)లో ట్రేలు కట్టించడం తలనొప్పి వ్యవహారం. ఈ పనికి ప్యాక్డ్ టవర్‌దే గెలుపు, సందేహం అక్కర్లేదు.

అసలు తప్పులు టవర్ రకం దగ్గర కాదు, కాస్టిక్ నింపిన తొట్టి దగ్గర జరుగుతాయి. పై లెక్కలో గంటకు సుమారు 14.7 కిలోల హెచ్‌సీఎల్ వస్తోంది. కిలోకు 1.1 కిలోల కాస్టిక్ చొప్పున గంటకు 16 కిలోలు ఖర్చు. 10 శాతం కాస్టిక్ ఒక ఘనపు మీటరులో దాదాపు 111 కిలోలే ఉంటుంది. అంటే ఏడు గంటలకు తొట్టి చచ్చిపోతుంది. షిఫ్ట్ మారేటప్పుడు చూద్దాంలే అనుకుంటే చివరి గంట పొగ బయటికే. పీహెచ్ 9కి దిగగానే మార్చాలని రాసిపెట్టుకోవడం మేలు. అలాగని ముందే 30 శాతం కాస్టిక్ నింపేస్తే సరిపోదా అంటే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కార్బొనేట్, హెచ్‌సీఎల్‌తో ఉప్పు పేరుకుని నాజిళ్లు, రింగులు మూసుకుపోతాయి.

వేడి సంగతీ మర్చిపోకూడదు. హెచ్‌సీఎల్ కరగడం, కాస్టిక్‌తో కలవడం రెండూ వేడిని ఇచ్చేవే. ఈ లోడ్‌కు కలిపి 14 కిలోవాట్ల పైమాట. చల్లబరచకపోతే ఒక ఘనపు మీటరు తొట్టి గంటకు 12 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. గాలిలోకి ఆవిరయ్యే నీరు అందులో కొంత తీసుకుపోతుంది గానీ, దాని మీద ఆధారపడొద్దు. పాలీప్రొపిలీన్ రింగులు 80 డిగ్రీల దగ్గర మెత్తబడి బెడ్ కుంగడం మొదలవుతుంది. పంప్ లైన్‌లో వేడి తీసే చిన్న ఎక్స్ఛేంజర్ పెట్టించండి. స్టెయిన్‌లెస్ స్టీల్ వైపు మాత్రం చూడకండి. తొట్టి ఆమ్లం వైపు తిరిగిన రోజున 316 కూడా గుంటలు పడుతుంది.

చిమ్నీ నుంచి తెల్లని పొగ వస్తుంటే ఎత్తు సరిపోలేదని ఇంకో రెండు మీటర్ల రింగులు పోయిస్తారు. తేమ గాలిలో హెచ్‌సీఎల్ సన్నని మంచులా మారిపోతే దాన్ని రింగులు పట్టవు, ఎందుకంటే అది ఇప్పుడు వాయువు కాదు, బిందువు. అక్కడ కావాల్సింది మంచి డెమిస్టర్.

సాల్వెంట్ రికవరీ కాలమ్

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి చోట్ల నడిచే బ్యాచ్ కాలమ్‌లలో చాలావాటి డయా 200 నుంచి 450 మి.మీ. మధ్య ఉంటుంది. ఇక్కడ ట్రేల గురించి చర్చే అక్కర్లేదు. 600-750 మి.మీ. కంటే సన్నని కాలమ్‌లో మనిషి దూరి ట్రే బిగించలేడు, డౌన్‌కమర్‌కే (ద్రవం కింది ట్రేకు దిగే దారి) సగం చోటు పోతుంది.

300 మి.మీ. కాలమ్‌లో 25 మి.మీ. మెటల్ పాల్ రింగులతో మిథనాల్‌ను నీటి నుంచి వేరుచేస్తున్నారనుకోండి. ఫ్లడింగ్‌కు (ఆవిరి ఎక్కువై ద్రవం కిందికి దిగలేక నిండిపోవడం) తగినంత దూరంలో ఉంటూ గంటకు 410 కిలోల దాకా ఆవిరి పంపొచ్చు. రీఫ్లక్స్ నిష్పత్తి (పైన చల్లబరచి మళ్లీ కాలమ్‌లోకి పంపేది, బయటికి తీసేదానికి ఎన్ని రెట్లు) 1.5 అయితే చేతికొచ్చే మిథనాల్ గంటకు 165 కిలోలు. రీబాయిలర్‌కు 125 కిలోవాట్లు, అంటే గంటకు 210 కిలోల స్టీమ్. ఒక థియరిటికల్ స్టేజ్‌కు (ఆవిరి, ద్రవం సమతాస్థితికి వచ్చే ఒక మెట్టు) అర మీటరు చొప్పున పన్నెండు స్టేజీలకు 6 మీటర్ల ప్యాకింగ్ పడుతుంది. ఆ 6 మీటర్లను ఒకే బెడ్‌గా పోయకండి. 3 మీటర్ల చొప్పున రెండు బెడ్‌లుగా విడగొట్టి మధ్యలో రీడిస్ట్రిబ్యూటర్ పెట్టాలి. లేకుంటే కింది సగంలో ద్రవం గోడ పట్టేసుకుంటుంది, అక్కడ స్టేజీలు కాగితం మీదే ఉంటాయి.

కాలమ్ ఏ రకమైనా దాటలేని గోడ ఒకటుంది, అది అజియోట్రోప్, అంటే ఆవిరి, ద్రవం ఒకే కూర్పుకు వచ్చేసే చోటు. మిథనాల్-నీటికి అది లేదు, అదృష్టం. ఇథనాల్ బరువులో 95.6 శాతం దగ్గర, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) 88 శాతానికి కాస్త కింద ఆగిపోతాయి. టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్)లో 5-6 శాతం నీరు మిగులుతుంది. అక్కడి నుంచి ఎత్తు పెంచడం, రీఫ్లక్స్ పెంచడం డబ్బు తగలేసుకోవడమే. టీహెచ్‌ఎఫ్‌కు పీడనం మార్చితే అజియోట్రోప్ కూర్పు మారుతుంది కాబట్టి రెండు పీడనాల కాలమ్‌లు పనిచేస్తాయి. ఐపీఏకు, ఇథనాల్‌కు 3ఏ మాలిక్యులర్ సీవ్ (నీటిని పీల్చే గుళికలు) లేదా పెర్వాపరేషన్ (నీటిని దాటనిచ్చే పొరతో వేరుచేయడం) చూసుకోవాలి. ఇథైల్ అసిటేట్, టొలుయీన్ మాత్రం చల్లబడగానే నీటితో రెండు పొరలుగా విడిపోతాయి. వాటికి పైన డికాంటర్ (పొరలు విడదీసే పాత్ర) పెట్టి పై పొరను రీఫ్లక్స్‌కు పంపితే సగం పని అయినట్టే.

వ్యాక్యూమ్ కాలమ్ అయితే పోటీ ఏకపక్షమే. పైన 50 మి.మీ. పాదరసం, 20 థియరిటికల్ స్టేజీలు కావాలి అనుకుందాం. సామర్థ్యం 67 శాతం ఉన్న ట్రేలు 30 పెట్టాలి, ట్రేకు 5 మి.మీ. చొప్పున 150 మి.మీ. పోతుంది. అడుగున పీడనం 200. స్ట్రక్చర్డ్ ప్యాకింగ్‌లో (వరుసగా పేర్చిన మడతల రేకులు) స్టేజ్‌కు 0.5 మి.మీ. చొప్పున 10 పోయి అడుగున 60 మాత్రమే. అడుగున ఉన్నది నీరే అనుకున్నా అది మొదటి సందర్భంలో 66 డిగ్రీల దగ్గర, రెండోదాంట్లో 42 డిగ్రీల లోపు మరుగుతుంది. వేడికి రంగు మారే, విడిపోయే ఉత్పత్తులకు ఈ 25 డిగ్రీల తేడానే నాణ్యత.

ట్రేలు గెలిచే చోట్లు

హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్లలో ఎక్కువ ఉప్పున్న వ్యర్థజలాన్ని ముందు స్ట్రిప్పర్‌కు, తర్వాత మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్‌కు, చివర ఏటీఎఫ్‌డీకి (పలుచని పొరగా ఆరబెట్టే డ్రయ్యర్) పంపడం మామూలు. స్ట్రిప్పర్ పని ఆ నీటిలో మిగిలిన సాల్వెంట్లను స్టీమ్‌తో ఎగరగొట్టడం. పుస్తకం ప్రకారం ప్యాకింగే బాగుంటుంది. కానీ ఈ నీటిలో సిలికా, కాల్షియం, తారు, ఒక్కోసారి ఏపీఐ (అసలు మందు పదార్థం) పొడి కూడా ఉంటాయి. 25 మి.మీ. రింగుల బెడ్ ఇలాంటి నీటికి కొన్ని నెలల్లోనే గట్టిపడి ఒకే ముద్దగా బయటికొస్తుంది, సుత్తితో కొట్టి తీయాల్సిందే. ఇక్కడ రంధ్రాలు 10-12 మి.మీ. ఉన్న సీవ్ ట్రేలు, ప్రతి నాలుగైదు ట్రేలకు ఒక మ్యాన్‌హోల్ పెట్టుకుంటే జెట్‌తో కడిగి మళ్లీ నడపొచ్చు. సామర్థ్యంలో కొంత పోయినా ఏడాదిలో నడిచే రోజులు ఎక్కువ.

వేడి తీయాల్సిన చోట కూడా ట్రేలే. నైట్రిక్ యాసిడ్ ప్లాంట్ల అబ్సార్ప్షన్ టవర్లలో ట్రేల మీద కూలింగ్ కాయిళ్లు పరిచి ఉంటాయి. నైట్రిక్ ఆక్సైడ్ మళ్లీ ఆక్సీకరణం చెందడానికి ట్రేల మధ్య ఖాళీ చోటు, సమయం ఇస్తుంది. ఆ చర్య నెమ్మది కాబట్టి ఆ సమయం అవసరం. రింగుల బెడ్‌లో కాయిల్ ఎక్కడ దూర్చగలం?

ద్రవం మరీ తక్కువైనా ప్యాకింగ్‌కు ఇబ్బంది. పాత నియమం ప్రకారం ప్యాకింగ్ మీటరు అంచుకు గంటకు 0.08 ఘనపు మీటర్ల ద్రవం ఉండాలి. 25 మి.మీ. పాల్ రింగులకు అది చదరపు మీటరుకు గంటకు 17 ఘనపు మీటర్ల దాకా వస్తుంది. ఇప్పటి డిజైన్లు అంతకంటే చాలా తక్కువతోనూ నడుస్తాయి గానీ, డిస్ట్రిబ్యూటర్ బాగుంటేనే. ద్రవం బొత్తిగా చాలకపోతే బబుల్ క్యాప్ ట్రే మంచిది, వియర్ (ట్రే అంచు కట్ట) దాకా ద్రవాన్ని పట్టుకునే ఉంటుంది. లోడ్ మారుతూ ఉండే చోట సీవ్ ట్రే సగం కంటే దిగితే వీపింగ్ (రంధ్రాల్లోంచి ద్రవం కారడం) మొదలవుతుంది. వాల్వ్ ట్రే పావు వంతు వరకూ లాగుతుంది. పీడనం బాగా ఎక్కువున్న డిస్టిలేషన్‌లో స్ట్రక్చర్డ్ ప్యాకింగ్‌ను నమ్ముకోవద్దు.

నురగ వచ్చే ద్రవం అయితే మళ్లీ ప్యాకింగ్ వైపే మొగ్గాలి. ట్రే మీద బుడగలు కట్టడమే పని కాబట్టి నురగ డౌన్‌కమర్‌ను నింపేస్తుంది.

ఆర్డర్ ఇచ్చే ముందు, బిగించేటప్పుడు

వెండర్‌ను అడగాల్సింది: ఫ్లడింగ్‌లో ఎంత శాతం దగ్గర డిజైన్ చేశారు? 70-80 మధ్య ఉంటే సరి, 90 అంటే వద్దు. డిస్ట్రిబ్యూటర్‌లో చదరపు మీటరుకు ఎన్ని ధారలు? 60 కంటే తక్కువైతే ప్యాకింగ్ ఎంత ఖరీదైనదైనా వృథా. కనీస, గరిష్ఠ ద్రవ ప్రవాహాలు రెంటికీ అది పనిచేస్తుందా? ప్యాకింగ్ డబ్బులో పిసరంత మిగల్చడం కోసం డిస్ట్రిబ్యూటర్‌ను ఒక్క స్ప్రే నాజిల్‌కు కుదించేవాళ్లుంటారు. అక్కడ మాత్రం రాజీపడకండి.

సిరామిక్ రింగులు వాడుతుంటే టవర్‌లో నీళ్లు నింపి, ఆ నీళ్లలోకి పోయాలి. పొడిగా పైనుంచి వదిలితే అడుగున విరిగిన ముక్కలు పేరుకుంటాయి, మొదటిరోజు నుంచే పీడన నష్టం పెరుగుతుంది. రింగులపైన హోల్డ్-డౌన్ గ్రిడ్ తప్పనిసరి, లేకుంటే ఒక్కసారి ఫ్లడ్ అయినప్పుడు ప్లాస్టిక్ రింగులు పైకి లేచి డక్ట్‌లోకి చేరతాయి. డిస్ట్రిబ్యూటర్‌ను బిగించాక నీటి మట్టంతో లెవెల్ చూడండి, ఒక మూల 5 మి.మీ. వంగినా ఆ వైపుకే ద్రవమంతా పోతుంది.

స్టార్టప్ రోజున బెడ్ పొడిగా ఉన్నప్పుడు ఒకసారి, మామూలు ద్రవ ప్రవాహంలో ఒకసారి, వివిధ గాలి వేగాలకు పీడన నష్టం రాసిపెట్టుకోండి. గేజ్ లేకపోతే గాజు యూ ట్యూబ్‌లో నీళ్లు పోసినా చాలు. తర్వాతెప్పుడో అదే ప్రవాహానికి రీడింగు మెల్లగా పెరుగుతూ పోతే బెడ్ మూసుకుపోతోంది. ఒక్కసారిగా ఎగిరి ఊగిసలాడుతుంటే ఫ్లడింగ్. రీడింగు తగ్గి, అవుట్‌లెట్ పీపీఎం పెరిగిందంటే ద్రవం ఒక దారి పట్టేసింది, డిస్ట్రిబ్యూటర్ విప్పి చూడాలి.